ముందొచ్చిన బస్సు

మా ఎర్మెలిందా వానలో తడుస్తూ నిలబడి, ఎదురుగా ఆగిన ఖాళీ బస్సును చేత్తో పొమ్మనడం నేను ఎన్నోసార్లు చూశాను. సిలువ మలుపు దగ్గర చంకలో జున్ను గంప పెట్టుకుని నిలబడుతుంది. ఉన్ని టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతుంటాయి. ముందు దోన్ ఒల్మేదో బస్సు వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, లోపల సీట్లన్నీ ఖాళీ. ఆవిడ ఈగను తోలినట్టు చెయ్యి విసురుతుంది. ఎప్పటికో నా బస్సు వస్తే అప్పుడు గంపతో సహా ఎక్కి, "ఇంతసేపా, కొమాద్రె? కాళ్ళు మొద్దుబారిపోయాయి" అని నన్నే తిడుతుంది.

అలా తిట్టించుకోవడం నాకు గర్వంగా ఉండేది. నన్ను కాదని ఇంకొకరి బస్సు ఎక్కని మనిషి ఒకరున్నారంటే ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

మా చుకిపంబలో బస్సు కొన్నవాళ్ళు దానికి బాప్తిస్మం చేయించాలి. చేయించకుండా రోడ్డెక్కిస్తే అది లోయ దారి వెతుక్కుంటుందని నమ్మకం. ఫాదర్ నీళ్ళు చల్లుతాడు. బస్సుకు జ్ఞానతల్లిగా నిలబడినావిడ అద్దానికి రిబ్బన్ కట్టి, బంపర్ మీద సారా సీసా పగలగొడుతుంది. తర్వాత కాల్చిన పంది, ఉడికించిన జొన్నపొత్తుల గింజలు, బ్యాండుమేళం. ఆ రోజు నుంచి ఆ జ్ఞానతల్లీ, బస్సు యజమానురాలూ ఒకరికొకరు కొమాద్రెలు. మగవాడైతే కొంపాద్రె. జ్ఞానతల్లి చుట్టాలూ ఇరుగుపొరుగూ కూడా ఆ బస్సుకే కట్టుబడతారు. తోబుట్టువులతో పొలం గట్టు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకుంటాం గానీ కొమాద్రెతో మాట తూలం. నా బస్సు 'నా కష్టార్జితం'కు జ్ఞానతల్లి ఎర్మెలిందా. కొమాద్రె బస్సు ఉండగా ఇంకొకరి బస్సెక్కడమంటే, మన పొయ్యి మీద బంగాళాదుంపల పులుసు కాగుతుండగా పక్కింట్లో గిన్నె పట్టుకుని కూర్చోవడమే. అది తప్పని మాకెవరూ చెప్పక్కర్లేదు.

బస్సుకు ఆ పేరు ఊరికే పెట్టలేదు. వయసంతా గులాబీ తోటల్లో పనిచేశాను. మా పూలు విమానమెక్కి ఎక్కడెక్కడికో పోయేవి, ముళ్ళు మాత్రం నా వేళ్ళకు మిగిలేవి. ఆ వేళ్ళతోనే స్టీరింగ్ పట్టుకున్నాను. మా రోడ్డు మీద బస్సు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో నవ్వారు. తర్వాత నన్ను ఓవర్‌టేక్ చేయడానికి చెమటోడ్చారు.

మా సంఘంలో ఏడు బస్సులు. కింద చుకిపంబ సంత నుంచి వంతెన దాటి, సిలువ మలుపు మీదుగా, పైన చలిగాలి గడ్డినేలల్లో ఉన్న ఆతున్‌లోమ దాకా మా రూటు. సంఘం అంటే పేరుకే. ఎవరి బస్సు సంపాదన వాళ్ళది. కాబట్టి ఏ బస్సుకూ కట్టుబడని జనం ముందు వెళ్ళినవాడికి, దుమ్ము వెనకబడ్డవాడికి. మలుపుల్లో ఒకరినొకరు తోసుకుంటూ పోయేవాళ్ళం. పోయిన కార్నివాల్ పండక్కి దోన్ ఒల్మేదో అల్లుడు నా పక్కద్దం ఊడగొట్టి, కిటికీలోంచి నాకే దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు సంఘం అధ్యక్ష పదవి నా నెత్తిన పడింది. అది వంతుల మీద వస్తుంది. కోరి తీసుకున్నవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. నా వంతు రాగానే రవాణా కార్యాలయం నుంచి కబురు కూడా వచ్చింది. మా రూటు పర్మిట్ గడువు కోర్పుస్ పండగతో అయిపోతుంది. మళ్ళీ కావాలంటే సంఘం ఒక ప్రణాళిక ఇవ్వాలి. ఏ వేళకు ఏ బస్సు, మరమ్మతుల ఖర్చు ఎక్కణ్ణుంచి, ఆదాయం లేని పైఊళ్ళకు ఎలా వెళ్తారు, అన్నీ అందులో చెప్పాలి. చెప్పడమే కాదు, అలా నడుస్తోందో లేదో తనిఖీ అధికారి వచ్చి రోడ్డు మీద నిలబడి చూస్తుంది. నడవకపోతే రూటు నగరం కంపెనీకి పోతుంది. ఆ కంపెనీ పెద్ద బస్సులు వంతెన దాటి రావు. అంటే ఆతున్‌లోమ వాళ్ళు పాల క్యాన్లనూ, నిండు చూలాళ్ళనూ మోసుకుంటూ వంతెన దాకా నడవాలి. మా ఏడు బస్సులూ నాలుగు చక్రాల కోళ్ళగూళ్ళు అవుతాయి.

నాకు భయం వేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. మంటే నాకు ఎక్కువ అలవాటు.

మా అక్క కూతురు యాదిరా నగరంలో ఇలాంటి ప్రణాళికలు రాయడమే చదువుకుంది. పిలవగానే వచ్చింది. మాతోపాటు బస్సుల్లో తిరిగి, అందరినీ అడిగి, కూర్చుని రాసింది. చదువుకున్న పిల్లే అయినా ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వింటుంది. అది చదువుతో వచ్చేది కాదు. అంతా రాశాక ఆదివారం పూజ అయిన తర్వాత సంఘం గదిలో యజమానులందరినీ కూర్చోబెట్టాను.

"అన్ని బస్సుల సంపాదనా ఒకే పెట్టెలో పడుతుంది," అంది యాదిరా. "అందులోంచి నడిపినవాళ్ళకి జీతం. బస్సుల మరమ్మతులు కూడా అందులోంచే. మిగిలింది వాటాలు. బస్సులు టైము ప్రకారం ఒకదాని తర్వాత ఒకటి కదుల్తాయి. ఆరు తిరుగుతాయి, ఒకటి విశ్రాంతిగా ఉంటుంది. దేనికైనా జబ్బుచేస్తే దాని బదులు అది వెళ్తుంది."

దోన్ ఒల్మేదో పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఆయనకు రెండు బస్సులు, ఒక అల్లుడు, ఊరందరికీ సరిపడా మీసం. 'కొండల రాజు' అనే బస్సును ఆయనే నడుపుతాడు. ఆయన ఒప్పుకుంటే అందరూ ఒప్పుకుంటారు, లేకపోతే ఎవరూ ఒప్పుకోరు.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందన్నారు పెద్దలు," అన్నాడు.

"విడివిడి గొర్రెల్ని నక్క తింటుందని కూడా అన్నారు," అన్నాను.

"ఎవరన్నారు?"

"నేనే. ఇప్పుడే."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "చూడు లుస్మిలా, నీది ఒక బస్సు, నావి రెండు. నా అల్లుడు నీకంటే స్పీడు. మా కష్టం తెచ్చి నీ పెట్టెలో ఎందుకు పొయ్యాలి? మరి తెల్లారగట్ట ఆతున్‌లోమకి ఎవడు పోతాడు? ఖాళీగా ఎక్కి, ఖాళీగా దిగే ట్రిప్పది. అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరు?"

"వంతులేసుకుని అందరూ మోస్తారండీ," అంది యాదిరా. "ఆ ట్రిప్పులో టికెట్లు తెగకపోయినా జీతం జీతమే. ఇవాళ ఆ ట్రిప్పంటే అందరూ మొహం చాటేస్తున్నది అందుకేగా?"

"పిల్ల బాగానే మాట్లాడుతుంది. జనం ఎక్కుతారా, అది చెప్పమను."

"టైముకి బస్సొస్తే ఎందుకెక్కరు?" అన్నాను.

ఆయన పుల్ల తీసి నావైపు చూపించాడు. "సరే. తనిఖీ దాకా చేసి చూద్దాం. ఎందుకంటే పర్మిట్ లేకపోతే నా రెండు బస్సుల్లో నేనే కోళ్ళు పెంచుకోవాలి. కానీ బస్సులు ఖాళీగా తిరిగాయా, ఆ రోజే నీ పెట్టె పగలగొట్టి ఎవరిది వాళ్ళం పట్టుకుపోతాం. ఆ తనిఖీ అధికారి ముందే."

"ఖాళీగా తిరిగితే పెట్టె నేనే పగలగొట్టి మీ చేతికిస్తా."

మాట అయితే ఇచ్చాను. సోమవారం నుంచి బస్సులు గడియారం ప్రకారం కదిలాయి. ఎవరూ ఎవరినీ తోసుకోలేదు, ఒక్క హారన్ మోగలేదు. రోడ్డు మీద ఎంత మర్యాదో. చాలా బస్సుల్లో మాత్రం పిట్ట కూడా లేదు.

సంత రోజున యాదిరా, నేను సిలువ మలుపు దగ్గర చెట్టుచాటున నిలబడి చూశాం. మలుపు దగ్గర జనం తక్కువేం లేరు. నాలుగు గుంపులుగా నిలబడి ఉన్నారు. మొదటి బస్సు వచ్చింది. ఒక గుంపు ఎక్కింది, మూడు గుంపులు మొహాలు తిప్పుకున్నాయి. రెండో బస్సుకు ఎవరూ చెయ్యెత్తలేదు. నాలుగో బస్సుకు జనం తలుపు పట్టుకుని వేలాడారు. మధ్యలో ఖాళీ బస్సులు రాజుల్లా కొండెక్కి, రాజుల్లా దిగాయి.

"పిన్నీ, వీళ్ళు ఎందుకు ఆగుతున్నారు?" అంది యాదిరా. "ప్రతి బస్సూ సంతకే కదా పోయేది."

నాకు జవాబు తెలుసు. ఇన్నాళ్ళూ ఆ జవాబును మెళ్ళో గొలుసులా వేసుకుని తిరిగాను. ప్రణాళిక రాసేటప్పుడు మాత్రం ఒక్కసారీ గుర్తుకు రాలేదు. మాకు అది గాలీ నీళ్ళ లాంటిది, ఎవరు మాత్రం గాలిని రాయాలనుకుంటారు? టైము మార్చాం, డబ్బుల దారి మార్చాం. కొమాద్రెల సంగతి మర్చిపోయాం.

ఎర్మెలిందా మూడో గుంపులో ఉంది. నేరుగా వెళ్ళి అడిగాను.

"ఇందాక దోన్ ఒల్మేదో బస్సు ఎందుకెక్కలేదు?"

"నీకు పిచ్చిగానీ పట్టిందా? నా బస్సు ఉండగా?"

"ఇవాళ నా బస్సు విశ్రాంతి. రాదు."

"అయితే రేపొస్తుందిగా," అంది. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. "పైగా ఆ బస్సులో ముందు సీట్లో రొసౌరా కూర్చుంటుంది. ఆ బస్సు జ్ఞానతల్లినని మహారాణిలాగా. నా పొలానికి వచ్చే నీళ్ళు రాత్రికి రాత్రి తన కాలవలోకి తిప్పుకుందే, దాని పక్కన కూర్చోమంటావా? నేను నడిచైనా పోతా."

"నడువు. మోకాళ్ళు అరిగిపోతే నాకు చెప్పకు."

"నీకు కాక ఎవరికి చెప్తా? కిందటేడు మా ఆయనకి కడుపునొప్పి వస్తే రూటు వదిలేసి ఆస్పత్రికి తీసుకెళ్ళిందెవరు? నా చేతిలో డబ్బుల్లేని రోజున గంపతో సహా తీసుకెళ్ళేదెవరు? ఆ గడియారం తీసుకెళ్తుందా?"

తిరిగి తిట్టకుండానే చెట్టు దగ్గరికి వచ్చేశాను. అది నాకు అంత తరచుగా జరగదు.

ఆ మధ్యాహ్నం యాదిరా, నేను జొన్నపిండి జావ తాగుతూ కూర్చున్నాం. జనం మొండివాళ్ళనుకున్నాం. నిజానికి వాళ్ళు లెక్క తెలిసినవాళ్ళే. వానలో నిలబడేది బస్సు కోసం కాదు, ఆపదలో ఆదుకునే మనిషి కోసం. ఆ మనిషిని తీసేసి గడియారం పెడితే ఎవరు ఒప్పుకుంటారు?

"అయితే కొమాద్రె చేసే పనులన్నీ సంఘమే చెయ్యాలి పిన్నీ," అంది యాదిరా. "గంపలు ఊరికే తీసుకెళ్ళాలి. తెలిసినవాళ్ళకి అరువివ్వాలి. జబ్బుచేస్తే విశ్రాంతిలో ఉన్న బస్సు ఇంటి ముందుకి పోవాలి. అన్నీ ఉమ్మడి పెట్టె మీదే. రాసేస్తాను. ఆ భాగానికి ఏం పేరు పెట్టను?"

"కొమాద్రె బాధ్యతలు అని పెట్టు."

"ఆఫీసు వాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వారంటే చదివినట్టేగా."

రాయడం తేలిక. నమ్మించాలి. ముందు ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. ఏడు బస్సులకీ కలిపి మళ్ళీ బాప్తిస్మం చేయించండి, ఊరందరినీ అన్ని బస్సులకీ జ్ఞానతల్లులుగా నిలబెడదాం అన్నాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఒకసారి ఇచ్చిన బాప్తిస్మం మళ్ళీ ఇవ్వరమ్మా. నీకైనా, బస్సుకైనా. మీ డ్రైవర్ల చేత మాత్రం పాపాలు ఒప్పిస్తాను పంపించు, రోజంతా పడుతుంది" అన్నాడు.

తిరిగి వస్తుంటే నాకు కోపంలోనే ఆలోచన వచ్చింది. నాకు మంచి ఆలోచనలు వచ్చేది అలాగే. బస్సులకు పేర్లు మార్చలేం, జ్ఞానతల్లుల్ని మార్చలేం. డ్రైవర్లను మార్చవచ్చు కదా.

"స్టీరింగులు మార్చుకుందాం," అన్నాను స్టాండులో. "నేను దోన్ ఒల్మేదో బస్సు నడుపుతా. ఆయన నాది నడుపుతాడు. అందరూ అలాగే."

"నా స్టీరింగ్ నీకివ్వడమంటే నా కట్టుడుపళ్ళు నీకివ్వడమే," అన్నాడు దోన్ ఒల్మేదో.

"నేను కడుక్కుని పెట్టుకుంటాలెండి. తాళాలివ్వండి."

మర్నాడు 'కొండల రాజు'ను నేను సిలువ మలుపు దగ్గర ఆపితే, ఎర్మెలిందా మామూలుగా చెయ్యి విసరబోయి, నన్ను చూసి ఆ చేతిని గాల్లోనే ఆపేసింది. బస్సేమో పరాయిది. నడిపేదేమో తన కొమాద్రె. ముందు సీట్లోంచి రొసౌరా కూడా అలాగే తికమకగా చూస్తోంది. బస్సు తనది, నడిపేది శత్రువు కొమాద్రె.

"ఎక్కాలా వద్దా? ఏదో ఒకటి చెప్పి చావు," అంది ఎర్మెలిందా.

"నన్ను వదిలి నడిచి పోతావా?"

తిట్టుకుంటూ ఎక్కింది. రొసౌరాకు వీలైనంత దూరంగా, వెనకసీట్లో కూర్చుంది. ఆ వారమంతా రోడ్డు పొడుగునా అదే తంతు. బస్సును చూసి ఎక్కబోయేవాళ్ళు డ్రైవర్‌ను చూసి ఆగేవాళ్ళు, డ్రైవర్‌ను చూసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు బస్సును చూసి నిలబడేవాళ్ళు. ఆలోచించుకునేలోగా టైమైపోయి బస్సు కదిలేది. కదిలే బస్సును వదులుకోవడం మనిషికి కష్టం. మెల్లగా ఎక్కారు, కొంచెం సిగ్గుపడుతూ, అటూ ఇటూ చూసుకుంటూ.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఆతున్‌లోమ నుంచి దిగుతుండగా 'కొండల రాజు' బ్రేకు నా కాలి కింద మెత్తగా, వెన్నలా దిగిపోయింది. రెండోసారి తొక్కితే కొంచెం పట్టింది, మూడోసారి అదీ లేదు. వెనక జనం కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరికీ ఏమీ చెప్పకుండా చిన్న గేరులో వేసి, ఇంజను పట్టుతోనే పాకించుకుంటూ దించాను. వంతెన దగ్గర గడ్డిమిట్టకు ఆనించి ఆపేసరికి నా వీపుకు రవిక అతుక్కుపోయింది. జనాన్ని దించి, వెనకొచ్చే బస్సు ఎక్కించాను. స్టాండుకు నడిచి వెళ్ళి దోన్ ఒల్మేదో ఎదురుగా నిలబడ్డాను.

"బ్రేకు అలా ఉందని మీకు తెలుసా?"

ఆయన మీసం సవరించుకున్నాడు. "పండగయ్యాక చేయిద్దామనుకున్నా."

"పండగ చూడ్డానికి మనుషులు మిగలొద్దూ?"

"బస్సు ఒక్కరోజు షెడ్డులో పెడితే నా జనాన్ని మీరందరూ ఎత్తుకుపోరా?" అరిచాడు. "ఒక్కసారి వేరే బస్సెక్కి అలవాటు పడితే మళ్ళీ నా దగ్గరకొస్తారా? రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు నాకు. తెలుసా నీకు?"

నేను తిట్టడానికే నోరు తెరిచాను. ఆ మాట విన్నాక తిట్టు రాలేదు. ఎందుకంటే నా గేరుబాక్సు కూడా ఏడాదిగా పళ్ళు నూరుతోంది. నేనూ అదే భయంతో షెడ్డుకు పంపలేదు.

"ఈ రోజే షెడ్డులో పెట్టండి," అన్నాను. "ఉమ్మడి పెట్టెలోంచి చేయిస్తాం. విశ్రాంతి బస్సు మీ బదులు తిరుగుతుంది. మీ జీతం మీకొస్తుంది. నిద్రపోండి."

"మొదట నా బస్సుకా? నీ గేరుబాక్సు చప్పుడు నాకు వినపడ్డం లేదనుకున్నావా?"

"నా గేరుబాక్సు చప్పుడు చేస్తుంది. మీ బ్రేకు చంపుతుంది. ఏది ముందో చెప్పడానికి చదువెందుకు?"

ఆయన మెకానిక్కును వెంటబెట్టుకుని వంతెన దగ్గరికి పోయాడు. సాయంత్రం రొసౌరా ఇంటికి వెళ్ళి, "ఇకనుంచి ఏ బస్సొస్తే ఆ బస్సెక్కు కొమాద్రె, అన్నీ మనవే" అని చెప్పాడట. రొసౌరా కన్నీళ్ళు పెట్టుకుందనీ, నేను ఆయనకు మందు పెట్టానని ఊళ్ళో చెప్పుకుందనీ తెలిసింది.

తనిఖీ సంత రోజునే పడింది. ఆ రోజు ఎవరి బస్సు వాళ్ళే నడపాలని యాదిరా పట్టుబట్టింది. స్టీరింగులు మార్చి నడిపితే అది నాటకమవుతుంది, పర్మిట్ వచ్చినా నిలబడదు అంది. నిజమే. కానీ జనం మళ్ళీ పాత గుంపులు కడితేనో?

తనిఖీకి వచ్చినావిడ పొద్దున్నే మొదటి బస్సులో వచ్చి సిలువ మలుపు దగ్గర గొడుగేసుకుని నిలబడింది. పొడుగు మనిషి. ఎవరితోనూ మాట్లాడలేదు. పొగమంచు, దాని మీద సన్నని వాన. పైన రోడ్డుకు అడ్డంగా ఎవరివో ఆవులు పడుకోవడంతో 'కొండల రాజు' ఆలస్యమైంది. దాంతో నేను వెనకనుంచి అందుకున్నాను. రెండు బస్సులూ మలుపు దగ్గర ఒకదాని వెనక ఒకటి ఆగాయి. ముందు ఆయన, వెనక నేను. ఇంతకన్నా చెడ్డగా జరగడానికి వీల్లేదు.

దోన్ ఒల్మేదో తలుపు తెరిచాడు. ఎవరూ కదల్లేదు. అందరూ నా బస్సునూ, ఆయన బస్సునూ మార్చి మార్చి చూస్తున్నారు. అప్పుడు ఎర్మెలిందా గంప ఎత్తుకుంది. తెరిచి ఉన్న తలుపు ముందు నుంచి నడుచుకుంటూ దాటి, నేరుగా నా తలుపు దగ్గరికి వచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు కదిలారు.

తలుపు మీట నా కుడిచేతి కింద ఉంది. నేను దాన్ని లాగలేదు.

"తలుపు తియ్యి కొమాద్రె," అంది అద్దం అవతలి నుంచి.

కిటికీ దించాను. "ముందున్నది ఎక్కు."

"తియ్యమంటున్నాగా. తడుస్తున్నా."

"అందులో సీటుంది."

"రొసౌరా పక్కన!"

"అవును, రొసౌరా పక్కనే."

గొడుగు కింద ఉన్న ఆవిడ మమ్మల్నే చూస్తోంది. దోన్ ఒల్మేదో తన కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. ఆయన నోరు తెరవలేదు. ఒక్కమాట అని ఉంటే నేను తలుపు తీసేసేదాన్నేమో.

"ఇన్నేళ్ళూ నీకోసం వానలో నిలబడ్డాను," అంది ఎర్మెలిందా. "నా మొహం మీద తలుపేస్తావా?"

"అందుకే వేస్తున్నా. ఇక తడవకు. నాకోసం ఎప్పుడూ తడవకు."

ఆవిడ నన్ను చూసిన చూపు చెప్పను. చెంపదెబ్బ కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు. గంప భుజానికెత్తుకుని వెనక్కి తిరిగింది. కొంతదూరం నడిచి ఆగింది. నడిచే కిందికి పోతుందేమో అనుకున్నాను. ఆ మొండితనం నాకు తెలుసు. మా ఏడు బస్సులూ, ఆతున్‌లోమ తెల్లారగట్ట ట్రిప్పూ, నా గులాబీ ముళ్ళూ అన్నీ ఆ రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాయి.

ఎర్మెలిందా 'కొండల రాజు' మెట్టెక్కింది. ఆవిడ వెనక అందరూ ఎక్కారు. చివరగా గొడుగు ముడిచి ఆ అధికారి కూడా ఎక్కింది. పర్మిట్ కాగితం వచ్చింది కోర్పుస్ పండక్కి ముందే గానీ, నాకు అది ఆ మెట్టు దగ్గరే వచ్చేసింది.

వాళ్ళ వెనకాలే ఖాళీ బస్సు నడుపుకుంటూ సంతకు దిగాను. ఏడ్చాను. గెలిచినందుకు కాదు. అంత పెద్ద బస్సులో నాతో పోట్లాడేవాళ్ళు ఒక్కరూ లేనందుకు.

సంతలో ఎర్మెలిందా జున్ను పరిచి కూర్చుంది. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నీతో మాట్లాడను," అంది.

"మాట్లాడకు."

"ఆ రొసౌరా దారంతా నా గంప ఒళ్ళో పెట్టుకుంది. వద్దన్నా వినదు. జున్ను వాసనంటే ఇష్టమట దానికి. నీళ్ళ సంగతి అడిగితే మా ఆయన్ని పంపించమంది. మాట్లాడనన్నానుగా, ఏం వింటున్నావు?"

"ఏం లేదు. సాయంత్రం ఏ బస్సుకి పోతావు?"

ఎర్మెలిందా జున్ను మీది ఈగను విసురుగా తోలింది. నా కళ్ళలోకి చూస్తూ, నాకు బాగా తగలాలని ఒక్కో మాటా నొక్కి చెప్పింది.

"ముందొచ్చిన బస్సుకి."

బాగానే తగిలింది. లేచి, స్టాండుకు వెళ్ళి, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను.